పిల్లల ఫోల్డర్‌లో పెట్టిన జపాను సినిమా

2014లో చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో నాకు చిన్న మొబైల్ షాపు ఉండేది. రీచార్జీల కన్నా లోడింగ్ పనే ఎక్కువ. లోడింగ్ అంటే, జనం తెచ్చిన మెమరీ కార్డుల్లో పాటలు, సినిమాలు ఎక్కించి ఇవ్వడం. చట్టం ఒప్పుకునే పని కాదని తెలుసు. అయినా నేను ఇప్పటికీ సిగ్గుపడేది దానికి కాదు.

కంప్యూటర్లో ఫోల్డర్లు, అంటే బీరువాలో అరల్లాంటివి, చేసుకున్నాను. భక్తి, ఫైటింగు, పాతవి, పిల్లలు. గీసిన బొమ్మ కదిలితే చాలు, అమెరికాదో జపానుదో చూడకుండా పిల్లల ఫోల్డర్‌లో పడేసేవాణ్ణి. పెద్దవాళ్ల కోసం కూడా బొమ్మల సినిమాలు తీస్తారన్న సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు.

పైడమ్మ అని ఒకావిడ సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చి మా సంతలో ఎండుచేపలు అమ్మేది. ఆమె కొడుకు సముద్రంలో చేపల వేటకి వెళ్లి మూడు నెలలైనా తిరిగి రాలేదు. శవం దొరకలేదు గనక కర్మలు చెయ్యలేదు, కోడలి గాజులు తియ్యలేదు. ఏడేళ్ల మనవరాలితో మాత్రం, అయ్య ఒడిశాలో పారాదీప్ రేవులో పెద్ద బోటు మీద పనికి వెళ్లాడని చెప్పారు. ఇదంతా ఆవిడే చెప్పి, అన్నాళ్లూ పెట్టెలో పడున్న కొడుకు ఫోను నా చేతికిచ్చింది.

"ఏవైనా బొమ్మల సినిమాలు ఎయ్యి బాబూ. అయ్యేడీ, అయ్యేడీ అని గుంట పానం తోడేస్తంది. సావులున్నవి వొద్దు. సముద్రం అసలే వొద్దు."

"బొమ్మల సినిమాల్లో సావులేటత్తా," అని నవ్వేశాను. చేతికందిన రెండు ఎక్కించాను. ఒకటి అమెరికాది, ఒకటి జపానుది.

పై వారం సంతకి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆ రెండోదాన్లో ఏటున్నాదో తెలుసా బాబూ? పడవ ఒక్కటే ఒడ్డుకొస్తాది. బొమ్మపిల్ల అయ్యకి కంచం ఎట్టి కూకుంతాది. మా గుంట అది సూసి, మా అయ్య కూడా నీల్లల్లోనే ఉన్నాడా అని ఆళ్లమ్మని అడిగీసింది. కోడలు అబద్దం ఆడలేకపోనాది. గుంట రెండ్రోజులు కూడు ముట్టనేదు."

తప్పు నాదే అత్తా అంటే సరిపోయేది. "అది నేను ఎయ్యనేదత్తా. అందులో ముందునించీ ఉండుంటాది," అన్నాను.

ఆవిడ ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే మావోడే ఎట్టుకున్నాడేటో. ఎల్లిపోతానని ఆడికి ముందే తెలిసిందేటి బాబూ?"

ఆవిడ వెళ్లాక షట్టరు సగం దించి రెండు సినిమాలూ చూశాను. అమెరికాదాంట్లో బొమ్మలు తాగి, బూతులాడుకుని, తన్నుకుని మళ్లీ లేస్తాయి. అదంతా మాటల గారడీ. ఇంగ్లీషు రాని పిల్లకి వట్టి గోల, అందుకే బతికిపోయింది. జపానుదాంట్లో మాటలే తక్కువ. అన్నం చల్లారిపోతుంది, పిల్ల తలుపు వైపు చూస్తూ ఉంటుంది, ఎంతసేపటికీ ఎవరూ ఏమీ అనరు. అది అర్థం కావడానికి ఏ భాషా రానక్కర్లేదు. రెండూ పెద్దల సినిమాలే, నేను రెండింటినీ ఒకే అరలో కుక్కాను.

తర్వాత సంతకి పైడమ్మ కాస్త తేరుకుంది. "కర్మలు సేసీసినాం బాబూ. గుంట కూడు తింతంది. మా అయ్యే నాకు సెప్పడానికి అది ఫోన్లో ఒగ్గీసినాడు అంతంది. ఇంకేవైనా ఎయ్యి గానీ ఆ సినిమా సెరిపీకు," అంది.

ఆనాటి నుంచి చూడకుండా ఏదీ ఎక్కించలేదు. పనిలో తప్పు అలా దిద్దుకున్నాను. అబద్ధాన్ని మాత్రం దిద్దుకోలేకపోయాను. ఇప్పుడు నిజం చెబితే, తండ్రి తనకి చెప్పాడని ఆ పిల్ల అనుకుంటున్న చివరిమాటని కూడా నేనే లాక్కున్నవాణ్ణవుతాను.