సున్నం పడనివ్వని కారు

స్పోర్ట్స్ కారుకూ మజిల్ కారుకూ తేడా ఏమిటో మా మనవడు ఫోనులో వీడియోలు పెట్టి నాకు పాఠం చెబుతుంటే ఒళ్లు మండిపోతుంది. ఒకటి చిన్నది, తేలిక, నేలకు అంటుకుని ఉంటుంది, మలుపుల్లో హొయలు పోతుంది. రెండోది మామూలు కారు ఒంట్లో పెద్ద ఇంజను, తిన్నని రోడ్డు మీద దూసుకుపోవడానికి. ఇంతే కదా! పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలోనే చేవెళ్లలో రెండు రకాలూ చూసినదాన్ని నేను.

మొదటిది దొర కొడుకుది. ఎర్రటిది, రెండే సీట్లు. మేం వాళ్ల భూమినే కౌలుకు చేసుకునేవాళ్లం. రెండోది రోడ్ల కాంట్రాక్టరు పట్నంలో వేలంపాటలో కొన్న అమెరికా కారు. అది స్టార్టయితే మా ఇంట్లో గిన్నెలు కదిలేవి.

అక్క తొలి కాన్పుకు మా ఇంటికొచ్చింది. నొప్పులు మొదలైన రోజు బంద్, బస్సుల్లేవు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. కాంట్రాక్టరు పనిమీద ఊరు దాటి ఉన్నాడు. బాపు వెళ్లి బతిమాలితే చిన్నదొర ఒప్పుకున్నాడు.

"నా బండి ముంగట ఏ బండీ నిలవది. గంటల దవాఖానల ఉంటది నీ బిడ్డ" అన్నాడు.

రెండు సీట్లలో కన్నతల్లి అయినా అవ్వకు చోటెక్కడిది? నొప్పులు పడుతున్న కూతురిని పరాయి మగవాడి పక్కన ఒంటరిగా కూర్చోబెట్టి పంపింది.

ఆ ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజుల్లో విద్యార్థులు ప్రతి బండినీ ఆపి, సున్నంలో కుంచె ముంచి 'జై తెలంగాణ' అని రాశాకే వదిలేవారు. ఎడ్లబండిని కూడా విడిచిపెట్టేవారు కాదు. పట్నం దారిలో మొయినాబాద్ దగ్గర ఎర్ర కారునూ ఆపారు. ఏం జరిగిందో తర్వాత అక్క చెప్పింది.

"జర రాయనియ్యి అన్నా. అక్కకు నొప్పులొస్తున్నయ్, జల్ది పో" అన్నారట పిల్లలు.

"రంగు ఖరాబైతది. ముట్టుకుంటే చేతులిరుగుతయ్" అన్నాడట ఈ మహానుభావుడు.

వాళ్లు అడ్డం నిలబడ్డారు. కడిగితే పోయే సున్నం! దానికోసం కారు వెనక్కి తిప్పాడు. ఆ ఇరుకు రోడ్డు మీద ఒక్క ఊపున తిరిగిందట. స్పోర్ట్స్ కారు గొప్పతనం అదే కదా మరి!

అక్కను మా వాకిట్లో దించి వెళ్లిపోయాడు. కాంట్రాక్టరు వచ్చేసరికి పొద్దు వాలింది. ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. "ఎక్కించుండ్రి" అన్నాడంతే. వెనక సీట్లో అవ్వ ఒళ్లో తలపెట్టి అక్క పడుకుంది. బాపూ నేనూ ముందు కూర్చున్నాం. మొయినాబాద్‌లో అవే పిల్లలు అద్దం వదిలి కారంతా రాసి, తామే పరుగెత్తి రోడ్డు మీది రాళ్లు పక్కకు లాగారు. ఆ తర్వాత కారు దవాఖాన ముందే ఆగింది.

అక్క బతికింది. మగబిడ్డ చనిపోయి పుట్టాడు. ఇంకాస్త ముందు తెస్తే దక్కేవాడని డాక్టరమ్మ మా మొహం మీదే చెప్పింది. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు.

అక్కను ఇంటికి తెచ్చిన మర్నాడు దొర జీతగాడు వాకిట్లోకి వచ్చాడు.

"సీటు మీద మరకలైనయట అవ్వా. ఎవలన్న వచ్చి కడిగి పోవాల్నని చిన్నదొర చెప్పిండు."

అవ్వ దిగ్గున లేచింది. "నా మనుమన్ని మట్టిల పెట్టి వచ్చిన. ఆని సీటు కడుగుతనా? థూ! పోయి గిట్లనే చెప్పు."

జీతగాడు తలొంచుకుని వెళ్లిపోయాడు. లోపల మంచం మీద అక్క అంతా వింటూనే ఉంది. నాట్లు ఇంకా పడలేదు, పొలం వాళ్లది. కాసేపటికి బాపు కండువా భుజాన వేసుకుని, బకెట్ పట్టుకుని దొర ఇంటివైపు నడిచాడు.