పిడికెడు బియ్యం అడుగున

మా కోడూరు సముద్రపు గాలికి అగ్గిపెట్టె కూడా మెత్తబడుతుంది. ఇక కాగితం సంగతి చెప్పాలా? అందుకే మా అత్తగారి ప్రార్థనల పుస్తకాన్ని పాత నూలుచీర ముక్కలో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టేదాన్ని. బియ్యం చెమ్మ పీలుస్తాయి. అదీ వండుకునే బియ్యం కాదు. ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడి పేర పిడికెడు తీసి పోసే డబ్బా. నిండితే చర్చికి తీసుకెళ్లేదీ నేనే కనుక, దాని మీద ఇంకెవరూ చెయ్యి వేయరని నా ధైర్యం.

నేను బడికి వెళ్లింది మూడో తరగతి దాకా. చదవడం నిజంగా వచ్చింది ఆ అరచేతి పుస్తకంతోనే. మా అత్తగారు చీపురుపుల్లతో అక్షరాలు చూపిస్తుంటే కూడబలుక్కునేదాన్ని. అందులో "ఆలకించుము" అని ఉంటుంది. ఇప్పటి పుస్తకాల్లో "విను" అని వేస్తున్నారు, పిల్లాణ్ణి కేకేసినట్టు. "ఏలయనగా" అన్నచోట ఇప్పటికీ ఆగుతాను. పెద్దాయనెవరో చెయ్యెత్తి, కూర్చో, కారణం చెబుతానన్నట్టు ఉంటుంది. అర్థం తెలియని మాటలు ఇంకా ఉన్నాయి. వాటిని పటికబెల్లం ముక్కలా బుగ్గన పెట్టుకుంటాను, కరిగినప్పుడే కరుగుతాయని.

మొన్న వానల్లో కంటి పరీక్షకు బందరు వెళ్లి, ఆదివారం చెల్లెలింట్లో ఉండిపోయాను. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే కోడలు చెప్పింది, డబ్బా నిండిందని బియ్యం చర్చిలో పోసి వచ్చానని.

"అడుగున మూట చూశావా?"

"లేదండీ అత్తయ్యా. వాన మీదకొస్తోందని డబ్బా ఎత్తి అక్కడి కానుక సంచిలో బోర్లించేశాను."

ఆ సంచి నిండితే గుడివాడలో హాస్టలు పిల్లలకు పంపుతారు. తడిసిన గొడుగే మళ్లీ తెరిచి పాస్టరు గారింటికి బయల్దేరాను. సంచి ఆటో ఎక్కేసిందేమో. అక్కడ వంటవాళ్లు పాత కాగితాలని పొయ్యి రాజేస్తారేమో. దొరికినా ఇంకో బెంగ. కానుక సంచిలో పడ్డది దేవుడిది, వెనక్కి అడగకూడదని సంఘంలో అందరికంటే గట్టిగా చెప్పేది నేనే. నిరుడు ఒకావిడ బియ్యంతో పాటు పొరపాటున స్టీలు గిన్నె కూడా ఇచ్చేస్తే, తిరిగి అడగనివ్వలేదు.

పుస్తకం పాస్టరమ్మ గారి బల్ల మీద ఉంది. ఊపిరి వచ్చింది. సంచి మూతి కడుతుంటే మూట చేతికి తగిలిందట.

"మీదా మామ్మగారూ? సగం మాటలు తెలియలేదు గానీ, కింద పెట్టబుద్ధి కాలేదండీ. ఇదిగో, తీసుకెళ్లండి."

చెయ్యి చాచాను. గిన్నె గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"సంచిలో పడింది కదమ్మా. ఇక్కడే ఉండనివ్వండి. సాయంత్రాలు నేనే వచ్చి చదువుకుంటాను."

ఆమె ఏదో అనబోయింది. ఆమె వెనక గోడ చెమ్మతో నల్లగా ఉబ్బి ఉంది. నా చూపు అక్కడే ఆగిపోయింది.

"బల్ల మీద మాత్రం వద్దు. బియ్యంలో పెట్టండి," అన్నాను.

ఇప్పుడు రోజూ వెళ్తున్నాను. ఆమె పక్కన కూర్చుని వింటుంది, తెలియని మాట దగ్గర నా మొహం చూస్తుంది. నేను మాత్రం ప్రార్థనకంటే ముందు పుటలు వాసన చూస్తాను. వాళ్ల డబ్బాకు మూత సరిగా పట్టదు. నిన్న టీవీలో వాయుగుండం అన్నారు. మా డబ్బా ఖాళీ చేసి, తుడిచి, ఆవిడకిచ్చి వచ్చాను. దేవుడి బియ్యం ఇప్పుడు మా ఇంట్లో సత్తుగిన్నెలో వేస్తున్నాం.

పొద్దుటి నుంచి తూర్పు గాలి. ఆవిడ డబ్బా మూత గట్టిగా నొక్కిందో లేదో.