ఎవరి ఒళ్లోనో ఉన్న బ్యాగు

మాచర్లలో పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు కొదవ లేదు. ముస్లింల ఇళ్లలో ఆడవాళ్ల వైపు తీయాలంటే మాత్రం హుమేరాకే కబురు వస్తుంది. పెళ్లికూతురికి పసుపు పూసేచోట, జడ వేసేచోట, బురఖాలు తీసి పక్కన పడేసి మేనత్తలూ పిన్నమ్మలూ పాటలు పాడుకునేచోట మగవాడు అడుగు పెట్టడానికి లేదు. అక్కడ తీసిన ఫొటో పరాయి మగవాడి కంట పడడానికీ లేదు. అందుకని హుమేరా సహాయకుణ్ణి పెట్టుకోదు, ల్యాబుకు పంపదు. తీయడం, కంప్యూటర్లో దిద్దడం, ప్రింటు వేయడం, ఆల్బం కట్టడం అన్నీ తనే. భర్త సాజిద్ లారీ మెకానిక్. ఆమె పని చేసుకునే గదిలోకి అతను కూడా తలుపు కొట్టాకే వస్తాడు.

పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాత కెమెరా ఒకటి కొనుక్కుని, చెడిపోయిన ఫొటో ఎందుకు చెడిందో కూర్చుని చూసుకుంటూ నేర్చుకుంది. ముప్పై ఆరేళ్లు వచ్చేసరికి చేయి కుదిరింది. అప్పుడే ఆ చేయి తిమ్మిరెక్కడం మొదలుపెట్టింది.

మొదట చిటికెన వేలు, తర్వాత దాని పక్క వేలు. కెమెరా ఎత్తి పట్టుకుంటే కాసేపటికి ఆ రెండు వేళ్లూ తనవి కానట్టు ఉండేవి. ఒక పెళ్లిలో లెన్సు మారుస్తుంటే జారింది. కింద పరుపు ఉండబట్టి సరిపోయింది. నరసరావుపేటలో డాక్టరు మెడ నొక్కి చూసి, భుజాన ఏం వేసుకుంటావని అడిగాడు. రెండు కెమెరాలు, మూడు లెన్సులు, ఫ్లాషు, లైటు, బ్యాటరీలు, అన్నీ ఒకే పట్టీ ఉన్న సంచిలో. ఏడాది పిల్లాణ్ణి ఎత్తుకున్నంత బరువు. బురఖా గుడ్డ నున్నగా ఉంటుంది, పట్టీ నిలవదు. జారకుండా ఉండడానికి ఆమె కుడి భుజాన్ని ఎప్పుడూ పైకెత్తి నడిచేది. అలా పదేళ్లు.

"ఒంటి పట్టీ మానెయ్యమ్మా. వీపు మీద వేసుకునేది కొనుక్కో. లేకపోతే ఆ వేళ్లు నీకు పనికిరావు," అన్నాడు డాక్టరు.

ఆ సలహా హుమేరాకు ఎప్పుడో తట్టిందే. అయినా పాత సంచినే పట్టుకుని ఉండడానికి కారణం ఉంది. పాత సంచి ముందుకు, పొట్ట మీదికి వస్తుంది. ఒక చేయి ఎప్పుడూ జిప్పు మీదే ఉంటుంది. వీపు మీది బ్యాగు వెనక ఏం జరుగుతుందో ఎవరికి కనపడుతుంది?

డాక్టరు దగ్గర్నుంచి నేరుగా బ్యాగుల కొట్టుకు వెళ్లింది. సామాను మొత్తం వెంట తెచ్చుకుంది. కొట్టు నడిపే నవీన్ చూపించిన ప్రతి బ్యాగులోనూ తన సామాను సర్ది, వీపున వేసుకుని, కొట్టు మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టింది. ఖాళీ బ్యాగు భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏం తెలుస్తుంది?

"అక్కా, ఇది బ్యాగుల షాపు. కోటప్పకొండ ఎక్కినట్టు ఎక్కుతున్నావేంది?" అన్నాడు నవీన్.

"మెట్లు అరిగిపోతే చెప్పు, వేయిస్తా. ఇది వద్దు. బరువంతా వెనక్కి గుంజుతాంది."

బరువైన లెన్సు వీపుకు ఆనుకుని మధ్యలో పడాలి. నడుము బెల్టు పైపైన కట్టేది కాకుండా తుంటి ఎముక మీద కూర్చోవాలి, అప్పుడే భుజాల మీది భారం దిగుతుంది. రొమ్ము మీద చిన్న క్లిప్పు ఉండాలి, ఉంటే బురఖా మీద పట్టీలు జారవు. ఇవన్నీ కుదిరిన బ్యాగు చివరికి ఒకటి దొరికింది. దాని జిప్పు బయటివైపు కాదు, వీపుకు ఆనే వైపు ఉంది. వేసుకున్నంతసేపు ఎవరూ తెరవలేరు. లోపల ఫొటోలెక్కే మెమరీ కార్డులకు చక్కటి అర కూడా ఉంది. హుమేరా దాన్ని వేసుకుని రైల్వే స్టేషన్ దాకా నడిచింది. భుజం కిందికి దిగింది. చాన్నాళ్ల తర్వాత మెడ తిప్పితే నొప్పి లేదు.

ఆ తర్వాతి వారమే గురజాలలో మాబున్నీసా కూతురు అల్ఫియా పెళ్లి. మాబున్నీసా బట్టల వ్యాపారం చేసే ఇంటి మనిషి, మాట కటువు. పసుపు రోజు ఉదయం హుమేరా లోపలికి అడుగు పెట్టగానే పక్కకు పిలిచింది.

"ఏమే హుమేరా, మా ఆడబడుచులు ఫొటోలంటేనే ఒప్పుకోలేదు. నీ పేరు చెప్పి ఒప్పించా. ఒక్క ఫొటో ఏ ఫోన్లో తేలినా, ఈ పల్నాడులో నువ్వు మళ్లీ కెమెరా ఎత్తలేవు. నేను మొహం ఎత్తలేను."

"నాకు తెలుసు ఖాలా."

రెండు రోజులు తీసింది. అల్ఫియా తడి జుట్టుతో నవ్వుతూ, ముసలి నానమ్మ బోసినోటితో పాడుతూ, ఆడబడుచులు ఒకరి మీద ఒకరు పసుపు చల్లుకుంటూ. మంచి ఫొటోలు. నిఖా మర్నాడు మధ్యాహ్నం గురజాలలో మాచర్ల బస్సు ఎక్కింది. నిండిన కార్డులు బ్యాగు అరలో పెట్టింది. చివరి కార్డు కెమెరాలోనే ఉండిపోయింది.

ఆడవాళ్లకు టికెట్ లేని దగ్గర్నుంచి ఆ దారిలో బస్సులు ఎప్పుడూ కిక్కిరిసే ఉంటున్నాయి. నిలబడడానికే చోటు దొరికింది. ఆమె తిరిగినప్పుడల్లా బ్యాగు వెనక నిలబడ్డ ఒకాయన ఛాతీకి తగులుతోంది.

"అమ్మాయ్, ఆ మూట దించు. ఇంట్లో గ్యాసుబండ గూడా తెచ్చుకున్నావా ఏంది?" అన్నాడాయన. చుట్టూ నవ్వారు. కండక్టరు ఆయన్ని కోటయ్య అని పిలిచి, "నువ్వు కూడా కాస్త ముందుకు జరుగు," అన్నాడు.

బ్యాగు దించక తప్పలేదు. కాళ్ల దగ్గర పెట్టడానికి జాగా లేదు. సీటులో కూర్చున్న పెద్దావిడ చేతులు చాచింది. రెంటచింతల మనిషి, మెడలో సిలువ, పక్కన కూరగాయల బుట్ట.

"ఇటు తే, ఒళ్లో పెట్టుకుంటా."

"వద్దు పెద్దమ్మా, చానా బరువు."

"ఆరుగురు పిల్లల్ని మోసిన ఒళ్లే ఇది. నీ బ్యాగొక లెక్కా?"

"పర్లేదు, నేనే పట్టుకుంటా."

"ఏమే, ఎత్తుకుపోతాననా? ఈ జ్ఞానమ్మ ఒళ్లో బ్యాగు పెట్టనోళ్లు ఈ రూట్లో లేరు!"

మళ్లీ నవ్వులు. మన బస్సుల్లో కూర్చున్నవాళ్లు నిలబడ్డవాళ్ల బరువు ఒళ్లో పెట్టుకుంటారు, పిల్లల్నయినా సంచులనయినా. ఇవ్వకపోతే అవమానించినట్టే. హుమేరా ఇచ్చింది. ఇచ్చి, సీటు కమ్మీ పట్టుకుని పక్కనే నిలబడింది.

మధ్యలో ఒక ఊరి దగ్గర మిరపకోత కూలీలు గుంపుగా ఎక్కారు. ముందు తలుపు నుంచి తోసుకొచ్చిన ఆ గుంపుతో పాటు హుమేరా వెనక్కి కొట్టుకుపోయింది. మొదట జ్ఞానమ్మ భుజం కనపడేది. తర్వాత ఆమె చీర కొంగు. తర్వాత తలలూ చంకలూ తప్ప ఏమీ కనపడలేదు. ముందుకు వెళ్లాలని చూసింది. ఎవరూ కదలలేదు. "యాడికి తోస్తావ్? గాల్లో నిలబడమంటావా?" అన్నారెవరో.

రెంటచింతలలో బస్సు ఆగింది. కొందరు దిగారు. తిరిగి కదులుతుండగా కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద జ్ఞానమ్మ. చంకలో కూరగాయల బుట్ట ఒక్కటే ఉంది.

"పెద్దమ్మా! నా బ్యాగు!"

జ్ఞానమ్మ తలెత్తి చూసి చెయ్యి ఊపింది. "ఇచ్చాగా! నీకే ఇచ్చాగా!"

ఆ మాట అర్థం కావడానికి హుమేరాకు ఒక క్షణం పట్టింది. బస్సులో ముందువైపు బురఖాలు చాలా ఉన్నాయి. జ్ఞానమ్మ దిగే తొందరలో మొహం చూడలేదు, బురఖా చూసి ఇచ్చింది. రెంటచింతలలో బురఖాల్లో ఇద్దరు దిగారు. వాళ్లు అప్పుడే వెనక సందులోకి తిరుగుతున్నారు. ఒకరి చేతిలో నల్లగా ఏదో ఉంది.

హుమేరాకు కెమెరాలు గుర్తు రాలేదు. తడి జుట్టుతో అల్ఫియా గుర్తొచ్చింది. బోసినోటి నానమ్మ గుర్తొచ్చింది. ఆ ముసలామె ఫొటో ఏ బడ్డీ కొట్టు దగ్గరో ఫోన్ నుంచి ఫోన్‌కు మారుతున్నట్టు కనిపించింది.

"ఆపండి! బస్సు ఆపండి!"

కోటయ్య ఆమె మొహం చూశాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు. "ఒరేయ్, బెల్లు కొట్టు! ఆ పిల్ల సామాను పోయింది," అని కండక్టరు మీద అరిచాడు. బస్సు ఆగింది. వెనక తలుపు దగ్గర హుమేరా మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది. దిగి ఆ సందులోకి పరిగెత్తితే, బ్యాగు లోపలే ఉంటే, బస్సుతో పాటు పోతుంది. దిగకపోతే, ఆ నల్లటిది తన బ్యాగే అయితే, సందు దాటితే ఇక దొరకదు. చేతులు కమ్మీని వదలడం లేదు.

"ముందు లోపల అడుగు తల్లీ," అన్నాడు కోటయ్య. "అమ్మా, నల్ల బ్యాగు ఎవరి దగ్గరుంది? వీపు మీద వేసుకునేది!"

డ్రైవరు వెనక సీటులోంచి ఒక ముసలామె చెయ్యి పైకి లేపింది. బురఖాలోనే ఉంది. "ఇదేనా? ఎవరో ఒళ్లో పడేసి దిగిపోయిందమ్మా. అడిగితే ఎవరూ పలకలేదు. ఎవరికని ఇవ్వను? నేను రెంటచింతల్లో దిగాల్సినదాన్ని. ఇది వదిలి ఎట్టా దిగను?"

బ్యాగు ఇచ్చి, తిట్టుకుంటూ, ఆపిన చోటే దిగి వెనక్కి నడిచిపోయింది. పేరైనా అడగలేకపోయింది హుమేరా.

ఆ సీటులో కూర్చుని బ్యాగు తెరిచింది. కార్డులు అరలో ఉన్నాయి. కెమెరాలో కార్డు కూడా ఉంది. అంతా ఉంది. జిప్పు మాత్రం చివరి దాకా మూసి లేదు. వేలెడు ఖాళీ ఉంది.

తను ఎప్పుడూ చివరి దాకా లాగుతుంది. గురజాలలో హడావుడిగా సర్దింది, అప్పుడు లాగిందా? కూర్చున్నవాళ్ల చేతుల్లో రాపిడికి జరిగిందా? ఎవరైనా తెరిచారా? కెమెరా వెనక చిన్న తెర ఉంటుంది. మీట నొక్కితే ఎవరికైనా ఫొటో కనపడుతుంది. ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీయడానికి ఎంతసేపు?

ఇంటికొచ్చి సాజిద్‌తో చెప్పింది.

"అన్నీ ఉన్నయిగా. ఎవరు చూస్తారు బస్సులో? ఊరికే అనుమానం," అన్నాడు.

"చూళ్లేదని నాకెట్టా తెలుసు?"

"తెలీనప్పుడు చెప్పబాక. చెప్తే నీ పని పోద్ది."

అదీ నిజమే. సాయంత్రం దాకా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. కార్డులను కంప్యూటర్‌లో పెట్టడానికి మనసు రాలేదు. చివరికి మాబున్నీసాకు ఫోన్ చేసి, ఏదీ దాచకుండా చెప్పింది. "వలీమా కానీ. వస్తా," అని పెట్టేసింది మాబున్నీసా.

పెళ్లికొడుకు వాళ్లు ఇచ్చే ఆ విందు అయ్యేదాకా హుమేరా ఫోన్ మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడింది. తెలిసినవాళ్ల వాట్సాప్ స్టేటస్‌లన్నీ వెతికింది. ఏమీ కనపడలేదు. కనపడకపోవడం వల్ల భయం తగ్గలేదు.

వలీమా మర్నాడు మాబున్నీసా ఒక్కతే వచ్చింది. కూర్చోకుండానే బ్యాగు తెమ్మంది. జిప్పు లాగి చూసింది, వదిలింది, మళ్లీ లాగింది.

"ఇంతేనా తెరిచి ఉంది?"

"అంతే ఖాలా."

"ఎవరూ చూళ్లేదని ఒట్టేసి చెప్పు."

"చెప్పలేను."

"నా తృప్తి కోసం చెప్పచ్చుగా!"

"చెప్తే మీరు నమ్ముతారు. అందుకే చెప్పలేను."

మాబున్నీసా ఆమె వైపు కోపంగా చూసింది. ఆ కోపంలో ఏడుపు కూడా ఉంది. "నువ్వు చెప్పేసి నిద్రపోతావు. నాకింక నిద్ర యాడిది? ఆడబడుచులతో అనగలనా? అల్ఫియాతో అనగలనా?"

హుమేరా తల వంచుకుంది. తను కూడా నిద్రపోవడం లేదని చెప్పాలనిపించలేదు.

"వచ్చే నెల మీ చెల్లెలి ఇంట్లో పెళ్లికి నన్ను రమ్మన్నారుగా..." అంది.

"దాని సంగతి తర్వాత. ముందు ఇది కానీ. ఫొటోల్లో ఎవరెవరు ఎట్టా పడ్డారో ఒక్కొక్కటీ నేను చూడాలి."

మాబున్నీసా లేచి తలుపు గడియ పెట్టింది. కిటికీ కూడా మూసి వచ్చి, కుర్చీ కంప్యూటర్ దగ్గరికి లాక్కుని కూర్చుంది. హుమేరా మొదటి కార్డు తీసి పెట్టింది.