పసుపు పాదం మీద మసిచుక్క

బర్మాలో, పజుండౌంగ్ వాగు దగ్గర మా తెలుగువాళ్ళ అమ్మవారి గుడిలో గోడకు ఒక తెల్లగుడ్డ వేలాడుతోంది. దాని మీద పసుపుతో అచ్చు వేసిన పాదం, మడమ దగ్గర ఒక నల్లచుక్క. జనం ఆ చుక్కను తాకి కళ్ళకద్దుకుంటారు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పాదం మా బావది. ఆ చుక్క మాత్రం దొంగది.

బావ, అంటే మా అప్ప మొగుడు, బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. ఏటా నిప్పుల గుండం తొక్కేటప్పుడు ఘటం నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు దిగేది ఆయనే. ఒక ఏడు గుండం దాటి, చివరనున్న పాలగుంటలో కాళ్ళు పెట్టినప్పుడు కుడి మడమ మీద మినపగింజంత మచ్చ కనబడింది. ఎంత తోమినా పోలేదు. గుడి పెద్ద వంగి చూసి, "అమ్మ ముద్రేసింది" అన్నాడు.

అంతే. ఆ తర్వాత గుండం రోజున ఆడవాళ్ళు బావ కాలు ఒళ్ళో పెట్టుకుని మచ్చకు పసుపు రాయడం మొదలుపెట్టారు. మచ్చ ఏటా పాకింది. అంచులు తడికాగితం మీద సిరాలా చెదిరాయి. ఒకచోట నలుపు, ఒకచోట గోధుమరంగు, ఇంకోచోట నీలం. పెరిగినకొద్దీ మహిమ పెరిగిందన్నారు, దరిద్రులు.

ఒక చలికాలం ఆ మచ్చ నుంచి రక్తం కారి చెప్పు తడిసింది. అప్ప ఆయన్ని మా వీధి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. తోలు కేన్సరేమోనని నేను అనుమానపడితే డాక్టరు నవ్వాడు. "తోలు కేన్సరా? అది ఎండకి మాడిపోయే తెల్లోళ్ళ జబ్బమ్మా. మన నల్లతోలుకి రాదు. మలాం రాసుకోమను."

నేను బడికి వెళ్ళింది అక్షరాలు కూడబలుక్కునేంతవరకే. మిగతాదంతా పేవ్‌మెంటు మీద అమ్మే పాతపుస్తకాలు నేర్పాయి. దేశానికి తలుపులేసి కూర్చున్న ప్రభువుల పుణ్యమా అని కొత్త పుస్తకం లేదు, కొత్త మందు లేదు. దొరికిన పాత వైద్యపుస్తకంలో బొమ్మలన్నీ తెల్లవాళ్ళ వీపులే. అందుకే, తర్వాత తెలుసుకున్నదైనా ఇక్కడ రాస్తున్నాను. ఎండ తగిలే ముఖం మీదా చేతుల మీదా నిదానంగా పెరిగే కేన్సరు ఒకటి. పొలుసుకట్టి పుండయ్యేది ఇంకొకటి, అది పాత కాలిన మచ్చల్లోనూ పుడుతుంది. నల్లమచ్చగా మొదలయ్యేది అన్నిటికంటే పాపిష్ఠిది. మనలాంటి వాళ్ళకు అది అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. దానికి ఎండతో పనిలేదు. టోపీలు, గొడుగులు, ఇక్కడివాళ్ళు బెరడు అరగదీసి మొహానికి రాసుకునే సానఖా పూతలు అక్కడ అక్కరకు రావు. కాలు తిప్పి చూసుకోవాలి. మచ్చ మారితే వెంటనే కోయించాలి. అంతకుమించి ఆ రోజుల్లో మార్గం లేదు.

మలాం పని చేయలేదు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న ముక్క కోసి పరీక్షకు పంపింది. ఫలితం రాగానే బర్మా భాషలో సూటిగా చెప్పింది: "గజ్జల్లోకి ఇంకా పాకలేదు. పాదం తీసేస్తే బతకవచ్చు. ఆలస్యం వద్దు."

ఆ సాయంత్రమే గుడి పెద్ద మా ఇంటికొచ్చాడు.

"ఏటిరా, అమ్మ ముద్రున్న కాలు కత్తికిచ్చేస్తావా?"

"ముద్ర కాదు, పుండు" అన్నాను.

"నువ్వు నోర్ముయ్. నాలుగు కాయితాలు సదివీసి పెద్ద డాక్టరైపోనాడు!"

అప్ప వంటింట్లోంచి గుడి పెద్ద మీద అరిచింది. "నీ కాలైతే ఈపాటికి కోయించీసుకుందువు. నా మొగుడిదే దొరికిందేటి?"

బావ తలెత్తలేదు. "ఈ ఒక్క గుండం తొక్కీసి ఎల్తానే. మొక్కుంది."

తొక్కాడు. పచ్చిపుండుతో నిప్పుల మీద. చీము పట్టింది, జ్వరాలొచ్చాయి, అది తగ్గేసరికి వానలు దిగాయి. తీరా ఆసుపత్రిలో మంచం దొరికిన వారంలోనే ఆ ప్రభువుల మీద ఊరు తిరగబడింది. సైన్యం కాల్చింది. బావను సైకిలు రిక్షాలో తీసుకెళ్ళేసరికి వరండా అంతా తూటాలు తిన్న పిల్లలు. డాక్టరమ్మ ఏప్రాను నిండా రక్తం. "ఇవాళ కాదు. ముందు వీళ్ళు" అంది. ఆమెను ఏమని తిట్టను? తిట్టవలసినవాళ్ళు లారీల మీద తుపాకులు పట్టుకుని తిరుగుతున్నారు.

కాలు తీసేనాటికి గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ ఉంది. మరుసటి గుండం రాకముందే బావ పోయాడు.

గుడివాళ్ళు పళ్ళెంలో పసుపు, తెల్లగుడ్డ పట్టుకుని వచ్చారు. గుండంలో ముందు దిగేవాడు పోతే ఆయన పాదముద్ర గుడికి ఇవ్వడం మావాళ్ళ ఆచారం. గుడి పెద్ద దుప్పటి ఎత్తి చూసి, "ఆ కాలేటి సేసినారు?" అన్నాడు.

"ఆసుపత్రోలు కాల్చీసినారు. ఎల్లి బూడిద ఏరుకో" అంది అప్ప.

వాళ్ళు సిగ్గుపడలేదు. ఎడమకాలికి పసుపు రాసి అచ్చు తీశారు. దాని మీద మచ్చ లేదు కదా, గుడికెళ్ళి బొగ్గుతో పెట్టుకున్నారు. ఎవరి కళ్ళూ ఆ బొటనవేలు ఏ పక్కనుందో చూడవు!

అప్ప బతికున్నన్నాళ్ళూ తడిగుడ్డతో ఆ చుక్క తుడిచేది, వాళ్ళు మళ్ళీ పెట్టేవారు. ఇప్పుడు నేను తుడుస్తున్నాను. గుండం తొక్కేవాళ్ళ దారిలో కూర్చుని ప్రతివాడి అరికాలూ తిప్పి చూస్తున్నాను. మొన్న గుడి పెద్ద కొడుకు నా మీదికొచ్చాడు.

"ఏటి తాతా, మంగళంపూట ఈ దిష్టేటి? లెగు!"

"లేస్తాను. ముందు నీ కాలు ఇలా చాపు."

వాడు చాపలేదు. నా ఎదుటే చతికిలబడి, ఏదో దాచుకునేవాడిలా రెండు కాళ్ళూ లుంగీ కిందికి లాక్కున్నాడు.