పెయింటు షెడ్డుకి ఫస్టు ర్యాంకు

విజయవాడలో పిల్లలకి ఊహ తెలిసేలోపే ర్యాంకు సంగతి తెలుస్తుంది. ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే కంపెనీలో మా పెయింటు షెడ్డు మేస్త్రి ఖయ్యూమ్ గారూ ఈ ఊరి మనిషే మరి.

2004లో పర్యావరణ సర్టిఫికెట్టు కోసం ఓ కన్సల్టెంటుని పిలిచారు. ఏ షెడ్డు వల్ల గాలికీ కాలవకీ ఎంత ముప్పో ఆయన మార్కులేసి, ఆ జాబితా గోడకి అంటించాడు. వెల్డింగుకి ఫస్టు ర్యాంకు, పెయింటుకి థర్డు.

ఖయ్యూమ్ గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "పాతికేళ్ల సర్వీసండీ నాది! నాకు థర్డా? రీవాల్యుయేషన్ పెట్టండి!" అంటూ కన్సల్టెంటుని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, రంగులో కలిపే మా థిన్నరు తూములోంచి తిన్నగా కాలవలోకి పోయే చోటు చూపించారు. కన్సల్టెంటు నోరు తెరిచి, ముక్కు మూసుకున్నాడు. సాయంత్రానికి పెయింటే ఫస్టు.

ఖయ్యూమ్ గారు లడ్డూలు పంచుతుంటే ఉండబట్టలేక, "అది తప్పులకిచ్చే ర్యాంకండీ. ముందు బాగుచెయ్యాల్సింది మన షెడ్డేనని అర్థం" అన్నాను. ఆయన వినిపించుకోలేదు.

నెల తిరిగేసరికి మా షెడ్డుకి మురుగు తొట్టీ, పెద్ద ఫ్యాన్లూ వచ్చాయి. సెకండు ర్యాంకు వెల్డింగువాళ్లు పొగలో దగ్గుతూ మావైపే చూస్తున్నారు.

ఖయ్యూమ్ గారు ఫ్యాను కింద చొక్కా గుండీలు విప్పుకుని, "చూశారా? ర్యాంకొచ్చినోడికేనండీ సీటు!" అన్నారు.