కోలాటం జడను కత్తితో కోసిన రోజు

నేను చెప్పేవాటిలో సగం కోతలని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. నకరికల్లు రోడ్డు మీద మా కోలాటం సాగుతుంటే ఎదురొచ్చిన సున్నపురాయి లారీలు లయ తప్పకుండా హారన్ కొట్టాయని ప్రచారం చేసింది నేనే. ఇది మాత్రం అలాంటిది కాదు. కోపం వచ్చినప్పుడు నాకు కల్పించడం చేతకాదు.

మా గురువు ఊరందరికీ మామ వరసయ్యే పెద్దాయన. వారమంతా పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర పని, ఆదివారం మాకు ఆట నేర్పడం. చేతిలో తాళాలు, గొంతులో పాట, కళ్ళు మాత్రం మా పాదాల మీద. అన్నిటికన్నా కష్టమైనది జడ కోలాటం. పందిరి దూలానికి పన్నెండు రంగుతాళ్ళు కట్టి, తలా ఒకటి పట్టుకుని, ఆరుగురు ఇటూ ఆరుగురు అటూ ఒకరి కింద నుంచి ఒకరు దూరుతూ తిరిగితే పైన జడ పడుతుంది. తర్వాత వెనక్కి తిరుగుతూ దాన్ని పూర్తిగా విప్పాలి. విప్పకుండా పందిరి వదిలి వస్తే ఆడినట్టే కాదు. అల్లేటప్పుడు పాట ఉంటుంది. విప్పేటప్పుడు ఉత్త తాళమే. ఎవరైనా వెనకబడితే మామ అదే చరణం మళ్ళీ ఎత్తుకునేవాడు. నా లావు ఒంటి కోసం ఒకసారి ఒకే చరణం ఏడుసార్లు పాడాడు.

ఆ ఏడు తిరునాళ్ళ కమిటీకి పెద్ద మా బావ, ఎరువుల కొట్టాయన. కొత్తగా టేపురికార్డరు కొన్నాడు. ఒక మధ్యాహ్నం మామను కొట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, జడ పాట పాడించి క్యాసెట్టులోకి ఎక్కించాడు. మామ సంబరపడ్డాడు. పక్కనే ఉండి నేనూ సంబరపడ్డాను. బుద్ధిలేక.

తిరునాళ్ళనాడు పొద్దున మామ తాళాలు తుడుచుకుని వచ్చేసరికి, మైకు ముందు టేపు కూర్చుని ఉంది.

“నీకు దగ్గు గదా మామా. టేపు దగ్గదు. ముందు వరసలో కుర్చీ వేయించా, దర్జాగా కూర్చో” అన్నాడు బావ.

“దగ్గితే దగ్గుతా. వీళ్ళ కాళ్ళు ఎవరు చూస్తారు అల్లుడా?”

“నీ పాటే గదా అది! ఇంకేంది నీ బాధ?”

ఇరవై ఏళ్ళుగా పందిరి నడుమ నిలబడ్డ మనిషి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. మేం పన్నెండుమందిలో ఒక్కడూ నోరు తెరవలేదు.

మూడో చుట్టులో నా ముందువాడి కాలు తడబడింది. టేపు వాడి కోసం ఆగుతుందా? పడుతూ లేస్తూ ఎలాగో జడ అల్లాం. అంతలో పాట ముగిసి టేపు మూగబోయింది. కొట్లో ఆ రోజు పాట అవగానే బావ బొత్తాం నొక్కేశాడు, తాళం ఎక్కించలేదు. జడ పైన, మేం కింద.

“ఆగారేందిరా? విప్పండి!”

“తాళం లేకుండా ఎట్టా విప్పేది బావా?”

“ఉండు” అంటూ టేపు వెనక్కి తిప్పి అదే పాట పెట్టాడు. అల్లే పాట చెవిన పడగానే సగంమంది కాళ్ళు అలవాటుగా ముందుకు పోయాయి, సగంమంది వెనక్కి లాగారు. జడ కాస్తా గట్టి చిక్కుముడైంది. జనం ఈలలు వేశారు. పక్కన హరికథ వాళ్ళు పందిరి ఖాళీ కోసం చూస్తున్నారు.

“చానా చూశాం గానీ, కత్తి తెండిరా” అన్నాడు బావ.

ఒక్కొక్కరే తాడు వదిలేశారు. నేను వదల్లేదు.

“ముందు నా వేళ్ళు కొయ్యి బావా!” అని, కుర్చీ వైపు తిరిగి అరిచాను. “మామా, నువ్వు తాళం వెయ్యి!”

“ఎవరికి వేసేదిరా? పదకొండుమంది వదిలాక నువ్వొక్కడివి తిరిగితే జడ విచ్చుకుంటదా? ఈ నోరు పొద్దున ఏమైందిరా నీకు?”

కత్తి నా ఎర్రతాడు దాకా వచ్చి దాన్నీ కోసేసింది.

మామ తాళాలు కండువాలో చుట్టుకుని పిడుగురాళ్ల బస్సెక్కాడు. మళ్ళీ మాకు నేర్పడానికి రాలేదు. మరుసటేడు బావ రికార్డింగ్ డాన్సు పెట్టించాడు.

ఆ తిరునాళ్ళయిన పదిహేను రోజులకే యూరియా కోసం కొట్టుకెళ్ళాను. బావ బస్తాను నా సైకిలుకు ఎర్రతాడుతో బిగించి కట్టాడు. నేను పట్టుకున్న తాడే.

“ఏంది అట్టా చూస్తావు? గట్టి తాళ్ళు, పారేస్తామా?” అన్నాడు.

ముడి పళ్ళతో లాగి విప్పాను. బస్తా వాడి గుమ్మంలోనే పడేసి, తాడు తెచ్చుకున్నాను.