కత్తెరక్క కుడిచెయ్యి

మా అక్కకు ముక్కు మీదే కోపం. వీధిలో అందరూ ఆమెను కత్తెరక్క అంటారు. బట్టలు కత్తిరిస్తుందని పైకి చెబుతారు గానీ అసలు భయం ఆ నోటికి. ఆ నోరు నాకూ వచ్చిందంటారు. వస్తే రానీండి.

కుట్టు దుకాణం ఆమె సొంతం. మెట్ల కింద చిన్న గది, రెండు మిషన్లు, గుడ్డ పరిచే చెక్కబల్ల. ఒకరోజు ఆ బల్ల దగ్గరే కూలబడిపోయింది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణం దక్కింది, మాట దక్కింది, కుడిచెయ్యి పడిపోయింది.

"చెయ్యే పోయాక దుకాణం ఎందుకే? ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు బావ. మంచివాడే. చిక్కంతా మంచివాళ్ళతోనే వచ్చింది.

పెద్దాసుపత్రి వెనక భవనంలో ఇలాంటి చేతుల మీద పరిశోధన చేస్తున్నారని తెలిసి, అక్క నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ ఆమె ఎడమచేతికి మందపాటి తొడుగు తొడిగి పట్టీ బిగించేసింది.

"పాడైంది కుడిచెయ్యి కదండీ! బాగున్నదాన్ని కట్టేస్తారేంటి?" అన్నాను.

"బాగున్నది అన్నీ చేసిపెడుతుంటే మెదడుకి రెండోదాంతో పనేముంది? దీన్ని కట్టేస్తే గత్యంతరం లేక కొత్త దారి వెతుక్కుంటుంది. ఎంత కదలిక వస్తుందో నేను చెప్పలేను, అందుకేగా ఈ పరిశోధన. ఇంట్లో కూడా మెలకువగా ఉన్నంతసేపూ తియ్యకండి."

తియ్యలేదు. తియ్యాల్సిన అవసరమే రానిచ్చాం కాదు! అక్క గ్లాసు వైపు చెయ్యి జరిపేలోపే అమ్మ నీళ్ళు నోటికి అందించేది. బావ తల దువ్వేవాడు. నేను గోరుముద్దలు పెట్టేదాన్ని. కట్టేసిన చేతి పనంతా మా ఆరు చేతులూ చేసేశాయి. చంటిపిల్ల కూడా అంత సుఖపడి ఉండదు.

తర్వాతి పరీక్షలో కుడిచెయ్యి పిసరంత కూడా మెరుగుపడలేదు. డాక్టరమ్మ మా మొహాలు చూసింది, మేం నేలచూపులు చూశాం. బావ ఇంటికొచ్చి, దుకాణానికి కొత్త టైలరును మాట్లాడేశానన్నాడు.

అప్పుడు పేలింది అక్క. "ఇవాళ్టి నుంచి నా కంచం జోలికొస్తే మీ చేతులు కూడా కట్టేస్తాను!"

అమ్మ ఏడ్చేసింది. "కన్నతల్లిని, చూస్తూ ఊరుకోమంటావా?"

"ఊరుకో. చూడలేకపోతే అవతల గదిలోకి వెళ్ళు."

అబ్బబ్బ, ఏం రోజులవి! మెతుకులు సగం ఒడిలో, సగం నేల మీద. గ్లాసులు పగిలాయి. ఆమె తినడం అయ్యేసరికి కడిగేసిన మా కంచాలు ఆరిపోయేవి కూడా. నాకైతే ఏడుపు ఆగేది కాదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. సాయం చెయ్యడం తేలికేనండీ, చెయ్యకుండా కూర్చోవడమే నరకం. అక్క మాత్రం కిందపడ్డ చెంచా కోసం తనే వంగేది, తిట్టుకుంటూ మళ్ళీ వంగేది.

ఇంతలో ఆ కొత్త టైలరు దుకాణం చూసుకోవడానికి రానే వచ్చాడు; అక్క పట్టుబట్టి తనూ వచ్చి చెక్కబల్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. మిషన్లు తిప్పి చూశాడు, బల్ల తట్టి చూశాడు, దాని మీదున్న పెద్ద కత్తెర అందుకోబోయాడు. అక్క కుడిచెయ్యి బల్ల మీద ఈడ్చుకుంటూ వచ్చి అతనికంటే ముందే దాని మీద పడింది. వేళ్ళు ఒక్కొక్కటే పిడి చుట్టూ ముడుచుకున్నాయి.

"ఇలా ఇవ్వండమ్మా" అని లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. కత్తెరతోపాటు అక్క కుర్చీలోంచి లేచొచ్చింది గానీ వేళ్ళు విడలేదు.

బావ కంగారుపడిపోయాడు. "వదిలెయ్యవే, దెబ్బ తగులుతుంది!"

"నాకిప్పటిదాకా పట్టుకోవడమే వచ్చిందండీ" అంది అక్క, మొహమంతా చెమటలు కారుతుంటే. "వదలడం ఇంకా రాలేదు. డాక్టరమ్మ అది తర్వాత నేర్పిస్తానంది. ఇతన్ని అప్పుడు రమ్మనండి."